టీవీ పట్టిక కోసం ఒక సైట్‌తో మంతనాలు: ప్రాజెక్టు డైరీ

మే మొదటి వారం

చూపు లేనివాళ్లు, చూపు బాగా తగ్గినవాళ్లు విని తెలుసుకునే తెలుగు టీవీ గైడ్ ఒకటి చేయాలని పని మొదలుపెట్టాను. ఫోన్‌లో ఒక్క పేజీ. తెరవగానే ఏ ఛానెల్లో ఇప్పుడేం వస్తోందో, దాని తర్వాత ఏముందో, రిమోట్ మీద ఏ నంబరు నొక్కాలో తెలుగులో చదివి వినిపించాలి. అంతే. బొమ్మలుండవు, ప్రకటనలుండవు, లాగిన్ ఉండదు.

ఈ ఆలోచన మా తెలుగు మాస్టారి వల్ల వచ్చింది. ఆయన విజయనగరంలో ఉంటారు. రిటైరయ్యాక గ్లకోమాతో చూపు పోయింది. వార్తలు, పాత పాటలు, ప్రవచనాలు, క్రికెట్, అన్నిటికీ ఆయనకు టీవీయే దిక్కు. "అమ్మా, ఏడున్నరకి ఏ ఛానెల్లో ఏముందో చెప్పడానికి నాకు పక్కన ఇంకో మనిషి ఉండాలా?" అని అడిగారు.

ఇప్పుడున్న సైట్లు ఎలా ఉన్నాయో తెలియాలంటే ఆయనలాగే వాడి చూడాలి. ఫోన్ తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్, టాక్‌బ్యాక్ ఆన్ చేసి, స్క్రీన్ నల్లగా పెట్టి విన్నాను. పట్టిక అడ్డంగా జరుగుతుంది. వేలు ఒకసారి జరిపితే "చిత్రం" అంటుంది, ఇంకోసారి జరిపితే "బటన్", ఆ తర్వాత "ప్రకటన మూసివేయి". కావలసిన ఛానెల్ దొరికేసరికి ఓపిక అయిపోతుంది. కేబుల్ బాక్సులో ఉన్న గైడ్ సంగతి ఇంకా కష్టం. మాస్టారింట్లోని బాక్సుకి అసలు నోరే లేదు.

పేజీ తయారు చేయడం పెద్ద పని కాదు. పట్టిక ఎక్కణ్ణుంచి తేవాలన్నదే అసలు సమస్య.

మే రెండో వారం

ముందు గాలిలో వచ్చేది పట్టుకుందామని చూశాను. డిష్ సిగ్నల్‌తో పాటే కార్యక్రమాల వివరాలు కూడా వస్తాయి. డీవీబీ అనే డిజిటల్ టీవీ ప్రసార ప్రమాణంలో దానికి ఈఐటీ అనే టేబుల్ ఉంది. "ఇప్పుడు, తర్వాత" అనే వివరం అందులో ఒక భాగం, రాబోయే రోజుల పట్టిక ఇంకో భాగం. ఆ రెండోది ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రసారం చేసేవాళ్ల ఇష్టం. కంప్యూటర్‌కి యూఎస్‌బీ ట్యూనర్ తగిలించి, టీవీహెడెండ్ అనే సాఫ్ట్‌వేర్‌లో డీడీ ఫ్రీ డిష్ సిగ్నల్ పట్టాను. నేను చూసిన తెలుగు ఛానెళ్లలో చాలావాటికి రేపటి పట్టిక లేదు. కొన్నింటికి కార్యక్రమం పేరు ఉండాల్సిన చోట ఛానెల్ పేరే ఉంది. పైగా నేను చేస్తున్న గైడ్ ఎక్కువగా కేబుల్ ఇళ్లకి కావాలి. ఆ దారి అక్కడితో ఆగింది.

ఇక మిగిలినవి పట్టికలు పెట్టే సైట్లు. "స్క్రిప్ట్ రాసి లాగెయ్, ఎవరికి తెలుస్తుంది?" అని ఆఫీసులో ఒక స్నేహితుడు అన్నాడు. నాకది ఇష్టం లేదు. నేను ఎంచుకున్న సైట్ నిబంధనల్లో ఆటోమేటిక్‌గా డేటా తీయకూడదని స్పష్టంగా రాసి ఉంది. మన 2000 నాటి ఐటీ చట్టంలో 43వ సెక్షన్ కూడా కంప్యూటర్ బాధ్యుల అనుమతి లేకుండా డేటా కాపీ చేస్తే పరిహారం కట్టాలంటుంది. చట్టం పక్కన పెట్టినా, స్క్రిప్టుతో లాగిన డేటాను నమ్ముకోలేం. సైట్ వాళ్లు డిజైన్ మార్చిన రోజు మన పేజీ ఖాళీ. రోజూ సాయంత్రం దాని మీద ఆధారపడే మనిషికి అలాంటిది ఇవ్వకూడదు. నాకు ఒక్క రోజు పట్టిక దొరికితే సరిపోదు, ఏడాది పొడుగునా రావాలి.

అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. అడుగుదామని నిర్ణయించుకున్నాను.

మే చివర

అడిగే ముందు, ఇంతకు ముందు ఇలా అడిగినవాళ్లకి ఏం జరిగిందో చదివాను. ఇంట్లో టీవీ రికార్డర్లు సొంతంగా చేసుకునేవాళ్లు ఈ సమస్యతో ఎప్పట్నుంచో ఉన్నారు. వాళ్లు వాడే ఫైలు రూపం పేరు ఎక్స్‌ఎమ్‌ఎల్‌టీవీ. అమెరికాలో జాప్‌టూఇట్ ల్యాబ్స్ అనే సేవ వాళ్లకి పట్టికను ఉచితంగా ఇచ్చేది. సొంత వాడకానికి ఇచ్చిన డేటాను వేరేవాళ్లు వేరే పనులకు వాడుతున్నారని 2007 సెప్టెంబరు 1న దాన్ని ఆపేశారు. అప్పుడు మిత్‌టీవీ అనే ఉచిత టీవీ రికార్డర్ సాఫ్ట్‌వేర్ మీద, ఎక్స్‌ఎమ్‌ఎల్‌టీవీ మీద పనిచేసేవాళ్లు కలిసి షెడ్యూల్స్ డైరెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టి, అదే డేటాకి లైసెన్సు తీసుకుని, సభ్యుల చందాతో నడిపారు. బ్రిటన్‌లో రేడియో టైమ్స్ పత్రిక ఇచ్చిన ఫైళ్లలో ప్రతిదాని మొదట్లోనూ సొంత, వ్యాపారేతర వాడకానికే అని నోటీసు ఉండేది. ఈ రెండిటిలోనూ ఇచ్చేవాళ్ల భయం ఒకటే. ఒకరికిస్తే ఎక్కడెక్కడికి పోతుందో అని. నా ఉత్తరం ఆ భయానికి ముందే జవాబు చెప్పాలి.

పట్టిక మీద హక్కు ఎంతవరకు ఉంటుందో కూడా చదివాను. ఆస్ట్రేలియాలో ఐస్‌టీవీ అనే టీవీ గైడ్ కంపెనీ మీద నైన్ నెట్‌వర్క్ అనే టీవీ సంస్థ కేసు వేసింది. ఐస్‌టీవీ ఉద్యోగి ఒకరు వారాల తరబడి టీవీ ముందు కూర్చుని ఏది ఎప్పుడు వస్తోందో రాసుకుని మొదటి పట్టిక తయారు చేశారు. తర్వాత అచ్చయిన గైడ్లతో సరిచూసుకుంటూ వచ్చారు. కింది కోర్టులో ఐస్‌టీవీ గెలిచింది, అప్పీలులో ఓడింది, చివరికి 2009 ఏప్రిల్‌లో హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, ఐస్‌టీవీ వైపే తీర్పిచ్చింది. కార్యక్రమం పేరు, టైము తీసుకున్నంత మాత్రాన కాపీరైట్ ఉల్లంఘన కాదంది. మన దగ్గర 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, సంకలనానికి శ్రమ ఒక్కటే చాలదు, కొంతైనా సృజన ఉండాలని చెప్పింది.

ఇవి చదవడం వల్ల నా కోరిక చిన్నదయింది. పేరు, టైము ఒక ఎత్తు. కథా సారాంశం, ఫోటోలు ఇంకో ఎత్తు, అవి ఎవరో కూర్చుని రాసినవి, తీసినవి. వాటిని అడగకూడదనుకున్నాను. ఛానెల్ పేరు, మొదలయ్యే టైము, అయిపోయే టైము, కార్యక్రమం పేరు. ఈ నాలుగు చాలు.

జూన్ మొదట్లో

ఉత్తరం రాశాను. మొదటి పేరాలో నేనెవరో, ఈ గైడ్ ఎవరి కోసమో. రెండో పేరాలో నాలుగు వివరాలే కావాలని, తెలుగు ఛానెళ్లకే కావాలని. మూడో పేరా మీద ఎక్కువ శ్రమపడ్డాను. రాత్రి రెండు తర్వాత, సైట్ మీద జనం తక్కువగా ఉన్నప్పుడు, ఒకేసారి తీసుకుంటాను. నా ప్రోగ్రాం తన పేరు, నా ఈమెయిలు చెప్పుకునే వస్తుంది, దొంగచాటుగా కాదు. ప్రతి పేజీలో మీ సైట్ పేరు, లింకు ఉంటాయి. వద్దన్న రోజే ఆపేస్తాను. నాకు ఆదాయం లేదు, రాదు.

కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్‌కి 2012లో ఒక సవరణ వచ్చింది. వికలాంగులకు అందే రూపంలోకి ఏ రచననైనా లాభం లేకుండా మార్చి ఇవ్వవచ్చని అందులో ఉంది. అంధుల కోసం కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం కూడా మనదే. దీన్ని ఉత్తరంలో పెట్టాలా అని చాలా ఆలోచించి, పెట్టలేదు. మొదటి ఉత్తరంలోనే సెక్షన్ కనిపిస్తే అది లీగల్ విభాగానికి వెళ్తుంది, అక్కణ్ణుంచి జవాబు రావడం కష్టం. నాకు కావలసింది వాళ్లతో కలిసి పనిచేయడం.

జూన్ చివర

ఫిర్యాదుల అడ్రసుకి పంపినదానికి ఆటోమేటిక్ జవాబు తప్ప ఇంకేం రాలేదు. భాగస్వామ్యాల అడ్రసుకి మళ్లీ పంపితే రేటు కార్డు వచ్చింది. ఏపీఐ, అంటే ఒక ప్రోగ్రాం నేరుగా డేటా తీసుకునే దారి, వాడకానికి నెలకింత అని. అది వ్యాపారం చేసేవాళ్ల రేటు, నా జీతంలోంచి కట్టగలిగేది కాదు.

రేటు కార్డు వచ్చిందంటే ఒక మనిషి చదివారన్నమాట. అదే ఈమెయిలుకి జవాబు రాస్తూ ఒక ఆడియో జతచేశాను. వాళ్ల పేజీని టాక్‌బ్యాక్ చదువుతున్న శబ్దం, ఒక నిమిషం లోపే. దాని పక్కనే, నేను తయారు చేసిన నమూనా పేజీ అదే ఛానెల్ వివరాలు చదివే శబ్దం. వివరణ ఏమీ రాయలేదు. "ఈ రెండూ వినండి" అని మాత్రం రాశాను.

రెండు రోజుల్లో ఫోన్ చేస్తామని జవాబు వచ్చింది.

జులై రెండో వారం

ఫోన్‌లో మాట్లాడినది వాళ్ల ప్రాడక్ట్ మేనేజర్, ముంబైలో ఉంటారు. ఇంగ్లీషులో మొదలై హిందీలోకి వెళ్లింది మాట. ఆవిడ చెప్పినవాటిలో నేను ఊహించినవి కొన్ని, అసలు ఊహించనివి కొన్ని.

సర్వర్ మీద భారం పడుతుందని అంటారనుకున్నాను. దాని గురించి ఆవిడకి పెద్ద పట్టింపు లేదు. ఆవిడ మొదట చెప్పింది, పట్టికలో కొంత భాగం వాళ్లదే కాదని. ఛానెళ్లు నేరుగా పంపేవి కొన్ని, ఇంకో డేటా కంపెనీ దగ్గర కొనేవి కొన్ని. ఆ కొన్నవాటిలో సారాంశాలు, ఫోటోలు, నటీనటుల పేర్లు ఉంటాయి. అవి ఇంకొకరికి ఇచ్చే హక్కు వాళ్లకి లేదు. నేను అడిగిన నాలుగు వివరాలూ ఆ ఒప్పందం బయట ఉన్నాయి. మే నెలలో కోరిక తగ్గించుకోవడం ఇక్కడ పనికొచ్చింది.

రెండోది, తప్పుల భయం. మ్యాచ్ ఆలస్యమైతేనో, పెద్ద వార్త వచ్చి సీరియల్ వాయిదా పడితేనో, పట్టిక తప్పుతుంది. నా పేజీలో పాత పట్టిక ఉండిపోయి, కింద వాళ్ల పేరు ఉంటే చెడ్డపేరు వాళ్లకే. న్యాయమైన మాట. దానికి నేను అడిగింది సాయంత్రం ఇంకోసారి తీసుకునే అవకాశం. మొత్తం ఫైలు అక్కర్లేదు, "నిన్న రాత్రి తర్వాత ఏమైనా మారిందా" అని అడిగితే, మారకపోతే సర్వర్ "మారలేదు" అని ఒక్క ముక్క చెప్తుంది. వెబ్ సర్వర్లకి ఇది కొత్త విషయం కాదు, 304 అనే జవాబు ఉన్నదే దీనికోసం. ఆవిడ తమ ఇంజినీరుని ఫోన్‌లోకి పిలిచారు. ఆయన అరనిమిషంలో సరే అన్నారు.

మూడో విషయం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఈ పేజీ చూపు లేనివాళ్లకే అని మీరు ఎలా హామీ ఇస్తారు అని అడిగారు. వాడేవాళ్లు యూడీఐడీ, అంటే ప్రభుత్వం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు, నంబరుతో నమోదు చేసుకోవాలన్నది వాళ్ల ప్రతిపాదన.

ఇది నేను ఒప్పుకోలేనని అప్పుడే చెప్పాను. ఆలోచించుకోండి అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

జులై చివర

మాస్టారికి ఫోన్ చేసి ఈ షరతు చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "పెన్షన్‌కి కార్డు చూపించాను, బస్సులో చూపించాను, రైలు టిక్కెట్టుకి చూపించాను. ఇంట్లో కూర్చుని టీవీ పెట్టుకోడానికి కూడా చూపించమంటారా అమ్మా?" అన్నారు.

ఆయన మాటని ఇంచుమించు అలాగే ఇంగ్లీషులోకి మార్చి పంపాను. దాని కింద నా వాదన. ఒకటి, చూపు మందగించిన పెద్దవాళ్లలో ఎంతోమందికి ఆ కార్డు ఉండదు. శుక్లాలు ముదిరిన నాయనమ్మకి సర్టిఫికెట్ ఉండదు, గైడ్ అవసరం మాత్రం ఉంటుంది. రెండు, వైకల్యం వివరాలు ఒక చిన్న ప్రాజెక్టు దగ్గర పోగుపడటం మంచిది కాదు. అవి దాచే బాధ్యత నాకు వద్దు. మూడు, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లో ఆడియో, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో ఉన్నదంతా అందరికీ అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలని ఉంది. అందుబాటు అనేది తలుపు దగ్గర మనిషిని పెట్టి ఇచ్చేది కాకూడదు.

వద్దని ఊరుకుంటే మాట ముందుకు పోదు కాబట్టి, ఇంకో దారి కూడా రాశాను. వాళ్ల అసలు భయం వేరే వ్యాపారి ఎవరైనా నా పేజీ నుంచి డేటా మొత్తం లాక్కుపోతాడని. అయితే మనుషులను ఆపకుండా డేటాను కుదిద్దాం. పేజీలో రాబోయే 24 గంటలే ఉంటాయి. పాత పట్టికలు ఏడు రోజుల తర్వాత నా దగ్గరా ఉండవు. డౌన్‌లోడ్ బటన్ ఉండదు, ఏపీఐ ఉండదు, ఎక్స్‌ఎమ్‌ఎల్‌టీవీ ఫైలు ఇవ్వను. ఒకే చోటి నుంచి అదేపనిగా పేజీలు అడుగుతుంటే సర్వర్ ఆపేస్తుంది. నా కోడ్ అందరికీ పెడతాను, డేటా పెట్టను. ఫొటోలూ సారాంశాలూ లేని ఒక్క రోజు పట్టిక వ్యాపారికి దేనికీ పనికిరాదు. మాస్టారికి అదే సరిపోతుంది.

ఎక్స్‌ఎమ్‌ఎల్‌టీవీ ఫైలు వదులుకోవడం బాధగానే ఉంది. తెలుగు పట్టిక ఆ రూపంలో అందరికీ దొరకాలని నాకెంతో కోరిక. దానికి ఇంకో రోజు ఇంకో తలుపు తట్టాలి.

ఆగస్టు

ఒప్పుకున్నారు. ఒప్పందం చిత్తుప్రతి వచ్చింది. లాయర్ స్నేహితురాలితో కూర్చుని చదివాను. ఆమె పెన్ను పెట్టి గీసినవి రెండు.

మొదటిది నష్టపరిహారం క్లాజు. ఈ పేజీ వల్ల వాళ్లకి ఏ రకమైన నష్టం వచ్చినా, ఎంతైనా, నేను కట్టాలని ఉంది. జీతగాళ్లు సంతకం చేయాల్సిన వాక్యం కాదని ఆమె తేల్చి చెప్పింది. మేం దాన్ని, షరతు తప్పితే వాళ్లు వెంటనే డేటా ఆపేయవచ్చు, నేను అదే రోజు అంతా తుడిచేయాలి అని మార్చి పంపాం. మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. చాలా కంపెనీల్లో ఇలాంటి వాక్యాలు పాత ఒప్పందాల్లోంచి అలా కొట్టుకొచ్చేస్తాయట. అడిగితే తీసేస్తారు.

రెండోది ముందస్తు నోటీసు. మా వైపు తప్పేమీ లేకుండా వాళ్లే ఆపదలుచుకుంటే, ముప్పై రోజుల ముందు చెప్పాలని చేర్పించాం. వాడేవాళ్లకి చెప్పుకునే వ్యవధి ఉండాలి.

వాళ్లూ ఒకటి అడిగారు, అది నాకు బాగా నచ్చింది. వాళ్ల పట్టికలో తెలుగు కార్యక్రమాల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. "పాత పాటలు" అని ఉన్నది ఫోన్ చదివితే "పట పటలు" అయిపోతుంది. ఒక్క "వార్తలు" అన్న మాటకే ఛానెల్‌కో స్పెల్లింగు. కాబట్టి ఎలాగూ నేను ప్రతి పేరూ తెలుగు లిపిలోకి మార్చుకోవాలి. ఆ జాబితా తమకి కూడా ఇమ్మన్నారు. వాళ్లకి మాత్రమే ఎందుకు, ఎవరైనా ఏ షరతూ లేకుండా వాడుకునేలా సీసీ జీరో కింద పెడతానన్నాను. పేర్లు, వాటి తెలుగు రూపాలే అందులో ఉంటాయి, టైములుండవు. సరే అన్నారు. అలా ఈ ఒప్పందం నుంచి అందరికీ మిగిలేది ఒకటి వచ్చింది.

సెప్టెంబరు

డేటా వస్తోంది. టైములన్నీ యూటీసీ అనే అంతర్జాతీయ సమయంలో ఉన్నాయి, మన టైము కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. కలపగానే అర్ధరాత్రి దాటే సినిమాలు రెండు తేదీల్లోకి వెళ్తాయి, వాటిని మొదలైన రోజుకే కట్టేశాను.

ఫోన్ టైము ఎలా చదవాలన్నది ఇంకా ఆసక్తికరమైన పని. "19:30" అని ఉంటే గొంతు "పంతొమ్మిది ముప్ఫై" అంటుంది. మన ఇళ్లలో ఎవరూ అలా అనరు. "రాత్రి ఏడున్నర" అనాలి. పదిహేను నిమిషాలకి "ఏడుంబావు", నలభై అయిదుకి "పావు తక్కువ ఎనిమిది". నాలుగు గంటలకి వచ్చే భక్తి కార్యక్రమానికి ముందు "తెల్లవారుజామున" రావాలి, లేకపోతే సాయంత్రం అనుకుంటారు. వీటన్నిటికీ నియమాలు రాశాను.

మాస్టారు వాడి చూసి ఒక్క మార్పు చెప్పారు. ఛానెల్ పేరు ముందు చదవొద్దు, కార్యక్రమం పేరు ముందు చదవమన్నారు. వద్దనుకుంటే మొదటి మాటకే వేలు జరిపేయవచ్చు. కావాలనుకుంటే చివరిదాకా వింటారు, చివర్లో రిమోట్ నంబరు ఉంటుంది. ఆ నంబర్లు కేబుల్ ఆపరేటర్ని బట్టి మారతాయి, ఏ సైట్ దగ్గరా దొరకవు. ప్రతి ఇంటికీ ఒకసారి ఎవరో ఒకరు ఎక్కించాలి. విజయనగరంలో ఆయన మనవరాలు కూర్చుని ఎక్కించింది.

అక్టోబరు

సైట్ నుంచి ఈమెయిలు వచ్చింది. మా ఆడియో విన్న ఇంజినీరు, తమ మొబైల్ పేజీలో బొమ్మలకి వివరణలు చేర్చడం మొదలుపెట్టారట, ఇంకేం మార్చాలో చెప్పమన్నారు. పెద్ద జాబితాయే పంపాను. అడ్డంగా జరిగే పట్టికకి బదులు ఛానెల్‌కి ఒక హెడింగ్ పెట్టడం, ప్రకటన తెరుచుకున్నప్పుడు స్క్రీన్ రీడర్ అందులో ఇరుక్కుపోకుండా చూడటం అందులో ముందున్నాయి.

ఒప్పందం గడువు ఏడాది. పొడిగింపు మాటలు వేసవిలోనే మొదలుపెట్టాలి, గడువు చివరిదాకా ఆగకూడదు. ఈలోపు కన్నడ, ఒడియా ఛానెళ్లు కూడా చేర్చమని ఇద్దరు అడిగారు. ఇప్పుడున్న అనుమతి తెలుగు ఛానెళ్లకే. కాబట్టి కోడ్ ముట్టుకునే ముందు మేనేజర్ గారికి మళ్లీ రాయాలి. ఆ ఉత్తరం సగం అయింది, కన్నడ పేర్లు సరిచూడటానికి బళ్లారిలో ఒకరు దొరికారు, ఒడియాకి ఇంకా వెతుకుతున్నాను.